పెరట్ల తంగేడు బత్కుతలేదు, బత్కిందేమో పూస్తలేదు – జర చెప్పుండ్రి

చండూరు ఆడబిడ్డ – 14 అక్టోబర్ 2024

అందరికి నమస్తే. నల్లగొండల పానగల్లు దిక్కు మాది 150 గజాల జాగల ఇల్లు. ముందటి అర్రల నా కుట్టు మిషను, ఎనుక పది ఫీట్ల పెరడు. ఆ పెరట్ల ఒక్క తంగేడు చెట్టు కోసం నాలుగేండ్ల సంది కొట్లాడుతున్న. నవ్వకుండ్రి. గులాబీలు పూసినయ్, మల్లె పూసింది, కుండీల నిమ్మ గూడ కాసింది. గుట్ట మీద ఎవ్వలు చెంబెడు నీళ్లు పొయ్యని చెట్టు, నా దగ్గరికొస్తే సస్తది.

మా అమ్మకు 74 ఏండ్లు, మోకాళ్లు పోయినయ్. మా ఊరు చండూరు దగ్గర. చిన్నప్పుడు బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు మబ్బుల్నే లేసి అక్కలు, నేను గుట్టకు ఉరికేది. ఎండెక్కక ముందే తెంపాలె, లేకపోతే పువ్వు ఒడిలిపోతది. ఒళ్లె నింపుకొని దిగుతుంటే కాళ్లకు పల్లేర్లు గుచ్చుకునేది. అమ్మ సిబ్బిల గుమ్మడాకు పరిచి, మొదటి వరుస తంగేడుతోనే పెట్టేది. తంగేడు లేంది బతుకమ్మ గాదు, పూల గంప అంటది.

ఇప్పుడు ఆ గుట్ట సగం మొరం కింద రోడ్లకు పోయింది, సగం ప్లాట్లయింది. మొన్న బజార్ల 30 రూపాయలకు కట్ట కొంటే, ఇంటికొచ్చేసరికి రెక్కలు రాలి కాడలు మిగిలినయ్. అమ్మ ఏమనలే. బంతి పూలతోని మొదలువెట్టింది. ఏమన్న అంటే మంచిగుండు.

ఇగ నా కథ. 2020 వానకాలం మా అన్న చేను ఒడ్డు మీదికెళ్లి మోకాలెత్తు చెట్టును మట్టి ముద్దతోని తవ్వుకొచ్చి పెట్టిన. మూడో రోజుకు ఆకు రాలింది, వారానికి ఎండింది. తెల్లారేడు మళ్ల రెండు తెచ్చిన, అవీ అంతే. 2022ల ఒక నర్సరీల అడిగితే "ఇదే తంగేడు" అని 60 రూపాయలకు ఒకటి అంటగట్టిండు. ఏడాదికి గోడ దాటింది. పక్కింటామె ఆకులన్ని మా సంపుల పడుతున్నయని లొల్లి. పసుపు పూలే పూసింది గని, అమ్మ కిటికీలకెళ్లి చూసి "గది రోడ్డు పక్క చెట్టు బిడ్డా" అన్నది. కొట్టేపిచ్చిన.

2023ల మా అన్న గింజలు పంపిండు. యాభై గింజలు రాత్రి నానబెట్టి పెడితే రెండు మొల్సినయ్. ఒకటి కోడి పొడిసింది. మిగిలినొక్కటి ఇప్పుడు నా రొమ్మెత్తు ఉన్నది. ఆకు నల్లగ నిగనిగ. పువ్వు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. నెలకోసారి పెండ ఎరువు ఏస్తున్న, గులాబీలతో పాటు పొద్దుమాపు నీళ్లు. ఇల్లు కట్టినప్పుడు పెరట్ల మూడు ట్రాక్టర్ల చెరువు మట్టి పోపిచ్చినం, బలమైన మట్టే. రెండు గొట్టంగ పక్కింటి గోడ నీడ వస్తది. ఆగస్టుల పచ్చ పురుగులు పడి కొమ్మలు తప్ప ఏం మిగల్చలే, యాపనూనె కొట్టిన. నేను ఏడ తప్పు చేస్తున్న? వచ్చే బతుకమ్మకన్న పూస్తదా?


డిండి రైతు – 14 అక్టోబర్ 2024

అక్కా, ఏమనుకోకు. నువ్వు తంగేడును కొత్తల్లుణ్ణి చూసినట్టు చూస్తున్నవ్. రెండు పూటల నీళ్లు, నెలకోసారి ఎరువు! తిని పండుకున్నది. ఎందుకు పూస్తది?

మా చెల్క ఒడ్ల మీద, గుట్ట కింద, బాట పక్కకు ఏడ జూసినా తంగేడే. ఎసుంటి జాగల ఉంటదో చూసినవా? ఎర్ర మొరం, రాళ్లు, నీళ్లు నిలవకుంట జారిపోయే ఏటవాలు. చెరువు కట్ట మీద ఉంటది, చెరువు శిఖంల ఉండది. వరి పొలం ఒడ్డు మీద గూడ నీళ్ల దిక్కు గాదు, అవుతలి దిక్కు లేస్తది. నువ్వేమో చెరువు మట్టి తెచ్చి దాంట్ల పెట్టినవ్. నీ గులాబీకి అది బలం, దీనికి బురద.

తవ్వుకొచ్చినయ్ ఎందుకు సచ్చినయంటే, మొన్నేడు మా చేన్ల పైపులైనుకు జేసీబీ పెడితే ఒక తంగేడు వేరు బయటపడ్డది. పైన చెట్టు నా నడుమెత్తు లేదు, కింద వేరు నా నిలువెత్తు దాటి ఇంకా లోపలికే పోయింది. నీళ్లున్న కాడికి దిగి కూసుంటది గనుకనే ఏప్రిల్ ఎండల గూడ పచ్చగుంటది. గడ్డపారతోని నువ్వు తెచ్చింది దాని నెత్తి మాత్రమే. పేగులు మా గుట్ట మీదనే ఉన్నయ్.

ఇంకొక ముచ్చట. దీనికి కంచె అవసరం లేదు. మా మేకలు అన్ని తింటయ్, తంగేడు కాడ మూతి తిప్పుకొని పోతయ్. అందుకే పసులు మేసిన బంజర్ల అన్ని పోయినా ఇది మిగులుతది. మా తాత నారుమడి దున్నేముందు కానుగ, జిల్లేడుతో పాటు తంగేడు రొట్ట గూడ తెచ్చి తొక్కిచ్చేటోడు, చౌడు ఇరుగుతదని. ఇప్పుడు యూరియా బస్తా దొరికితే చాలు. గునుగు పత్తి చేన్లల్ల గడ్డిమందుకు పోయింది, తంగేడు ఒడ్లు చదును జేసుడుకు పోతున్నది. బతుకమ్మకు ఇగ ప్లాస్టిక్ పూలే.

నీళ్లు బందు పెట్టు. గంతే.


పచ్చచొక్కా – 15 అక్టోబర్ 2024

గింత కష్టం దేనికండి. టెకోమా పెట్టుకోండి, ఏడాదంతా పసుపు పూలు. దూరం నుంచి చూస్తే ఎవరు గుర్తుపడతారు?


చండూరు ఆడబిడ్డ – 15 అక్టోబర్ 2024

మా అమ్మ గుర్తుపడతది.

డిండి తమ్మీ, కొత్తల్లుడి మాట అమ్మకు చదివి వినిపిచ్చిన, పడి పడి నవ్వింది. నీళ్లు బందు పెట్టిన. ఎండిపోదు కదా?


అచ్చంపేట పాత నర్సరీ – 16 అక్టోబర్ 2024

ఎండదమ్మా. మొదటి వేసవిలో పది పదిహేను రోజులకోసారి నీళ్లు ఇస్తే చాలు, ఆ తర్వాత అదీ అక్కర్లేదు. నేను మొక్కల పెంపకంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. తంగేడు గింజలతో నేను పడ్డ పాట్లు చెప్తాను, మీకు పనికొస్తాయి.

ముందు మీకు అంటగట్టిన చెట్టు సంగతి. అది సీమ తంగేడు, రోడ్ల పక్కన నీడకు నాటే పెద్ద చెట్టు. 2014 నవంబర్‌లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు, అయినా చాలా చోట్ల తంగేడు అడిగితే ఇదే చేతిలో పెడతారు. తేడా కనిపెట్టడం తేలిక. అసలు తంగేడులో ఆకు కాడ కొమ్మను తాకే చోట రెండు పక్కలా గుండ్రటి చిన్న రెక్కలుంటాయి, చెవుల్లాగా. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, అందులో ఆరిక్యులేటా అంటే చెవులున్నది అనే. సీమ తంగేడుకు ఆ చెవులుండవు. కాయ కూడా వేరు. తంగేడు కాయ పలచగా, కాగితంలా, గింజ గింజకూ మధ్య నొక్కినట్టుంటుంది. సీమ తంగేడుది పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. ఈసారి కొనేముందు ఆకు మొదలు చూడండి, పువ్వు చూడకండి.

యాభైకి రెండే మొలిచాయంటే తప్పు మీది కాదు, గింజ పెంకుది. అది ఎంత గట్టిదంటే మామూలు నీళ్లలో రాత్రంతా ఉంచినా లోపలికి చుక్క దిగదు. మేము చేసేది ఇది: నీళ్లు కాగి మసిలాక పొయ్యి మీంచి దించి, ఒక నిమిషం ఆగి గింజలు అందులో వేసి, అలాగే చల్లారనిచ్చి మర్నాటి వరకు వదిలేస్తాం. పొయ్యి మీదే ఉడికిస్తే పప్పు అవుతుంది, జాగ్రత్త. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి రెట్టింపయి ఉంటాయి. అవి వెంటనే నాటాలి. ఉబ్బనివాటికి మళ్లీ వేడినీళ్లు. పది ఇరవై గింజలే అయితే ఇంకా తేలిక: మొలక వచ్చే మొన వదిలేసి, రెండో పక్క గరుకు కాగితం మీద నాలుగు సార్లు రుద్దండి. పైపెంకు రంగు మారితే చాలు, నానబెట్టేయండి. నానబెట్టేముందు సూది మొనంత రంధ్రం ఉన్న గింజలు తీసేయాలి. వాటిని పురుగు లోపలే తినేసి ఉంటుంది, పైకి గింజలాగే కనిపిస్తుంది. కాయలు జనవరి, ఫిబ్రవరిలో గోధుమ రంగుకు తిరిగి గలగలమన్నప్పుడు కోస్తే పురుగు పాలయ్యేవి తక్కువ.

నాటడం నేరుగా గుంటలోనే, తొలకరి పడ్డాక. చోటుకు రెండు మూడు గింజలు, తర్వాత బలమైనది ఒకటి ఉంచండి. సంచిలో పెంచాల్సి వస్తే పొడుగు సంచి వాడి, రెండు మూడు నెలల్లోపే నేలలో దించాలి. ఆలస్యమైతే తల్లివేరు సంచి అడుగున చుట్ట చుట్టుకుంటుంది, నాటాక ఎన్నేళ్లయినా మొక్క గిడసబారే ఉంటుంది. కొమ్మలతో పెంచాలని నేనూ ప్రయత్నించాను, నాకు పట్టలేదు.

మీ పెరట్లో పోసిన చెరువు మట్టిని తీయలేరు కాబట్టి దాని మీదే అడుగున్నర ఎత్తున మొరం, కొంచెం ఇసుక కలిపి దిబ్బ కట్టండి, ఆ దిబ్బ మీద పెట్టండి. గోడ నీడ పడని మూల చూడండి. ఉన్న చెట్టును మాత్రం కదపొద్దు, దాని వేరు ఇప్పటికే మీ మాట వినే దశ దాటింది.

పూలు కొత్త చిగుళ్ల కొసల్లో వస్తాయి. గింజ నుంచి రెండో ఏడాది పూయడం మామూలే, మీది ఆలస్యమేమీ కాదు. అయితే ఎరువు ఆపండి.


కల్వకుర్తి పంతులమ్మ – 17 అక్టోబర్ 2024

మీరు యాపనూనె కొట్టిన పచ్చ పురుగులు సీతాకోకచిలుకల పిల్లలు! తెల్లగా, కొంచెం లేత ఆకుపచ్చ కలిసినట్టు ఉండి చెట్టు చుట్టూ గబగబా తిరిగేవి చూసే ఉంటారు. అవి ఎక్కువగా ఈ జాతి చెట్ల మీద గుడ్లు పెడతాయి. రెండు వారాలు తింటాయి, పొట్లంలా వేలాడతాయి, ఇంకో వారానికి ఎగిరిపోతాయి. చెట్టుకు ఏమీ కాదు, వాన పడగానే మళ్లీ చిగురేస్తది. మా బడి గోడ పక్కన రెండు తంగేళ్లున్నాయి. నాలుగో తరగతి పిల్లలకు జులై ఆగస్టుల్లో పుస్తకం తెరవకుండానే ఒక పాఠం అయిపోతుంది.

పూసినప్పుడు ఇంకొకటి గమనించండి. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ గొట్టాల్లాంటి కేసరాల్లో బంధించి ఉంటుంది, కొసన చిన్న రంధ్రం. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మ్ అని ఒళ్లంతా అదిరిస్తే ఉప్పు డబ్బా నుంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి రాలుతుంది. చెవి దగ్గర పెడితే ఆ మోత ఎగిరేటప్పటి మోత కంటే సన్నగా వినిపిస్తుంది. మా పిల్లలు దాన్ని "తుమ్మెద హారన్" అంటారు. మందులు కొడితే ముందు పోయేది తుమ్మెదే, తుమ్మెద రాకపోతే మీకు గింజలూ ఉండవు.


లంద కాడి మనుమడు – 19 అక్టోబర్ 2024

నేను మొక్కలు పెంచెటోణ్ణి గాదు, హైదరాబాద్‌ల కంప్యూటర్ పని. తంగేడు అని చూసి ఆగిన. మాది తుంగతుర్తి దిక్కు. మా తాత తోలు పని చేసేటోడు, ఇంటెనుక తోలు నానేసే లంద ఉండేది. చిన్నప్పుడు ఆ వాసన అంటే సిగ్గుండె. ఇప్పుడు ఏడనన్న కొత్త తోలు వాసనొస్తే తాత యాదికొస్తడు.

తంగేడు చెక్క, అంటే బెరడు, లేకుంటే తాత పని లేదు. పచ్చి తోలును సున్నంల ఏసి ఎంటికలు గీకినంక, తంగేడు చెక్క దంచిన నీళ్లల్ల నానేసేది. తర్వాత ఆ తోలునే తిత్తి లెక్క కుట్టి, లోపల చెక్క నింపి, చెట్టు కొమ్మకు యాలాడదీసి నీళ్లు పోసేది. ఎర్రటి నీళ్లు బొట్టు బొట్టు కారుకుంట తోలు మొత్తం పట్టేది. ఆఖరుకు కరక్కాయ. ఊర్ల చెప్పులు, మోట బొక్కెనలు అన్ని గట్లనే అయ్యేది. డప్పు తోలు వేరే, దానికి చెక్క పెట్టరు. అప్పట్ల మన దక్షిణాది నుంచి బయటి దేశాలకు పోయిన తోలు చానమట్టుకు ఈ చెక్కతోనే మాగింది. ఎనుకకు ఆఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు చెక్క వచ్చింది, దాని తర్వాత క్రోము మందు వచ్చింది. మా లంద పూడ్చిపెట్టి ఇప్పుడు దాని మీద మా చిన్నాయన రేకుల షెడ్డు ఏసిండు.

అక్కా, నీకు పనికొచ్చే మాట ఒకటి దీంట్ల ఉన్నది. తాత చెట్టును పీకకపోయేది. ఎండకాలం కొడవలితోని జానెడు మొదలు ఇడిసిపెట్టి కొమ్మలు కోసి, కట్టెలు కట్టి తెచ్చి చెక్క ఒలిచేటోడు. వానలు పడంగనే ఆ మొదలుకెళ్లి గుత్తులు గుత్తులు చిగుళ్లు లేచేది. మా నాయనమ్మ బతుకమ్మకు పూలు ఏడ తెంపేదో ఎరుకేనా? తాత కోసిన పొదల కాన్నే. కొయ్యని వాటికి ఈడొకటి ఆడొకటి పూస్తయ్, కోసినయ్ నిండుగ పూస్తయ్ అనేది. ముసలోల్లిద్దరు గీ ముచ్చట మీద కూడ కొట్లాడేది, నా చెట్ల పూలు తెంపకు చెక్క పాడైతది అని ఆయన, నీ చెక్క ఎవనికి గావాలె అని ఆమె.


అచ్చంపేట పాత నర్సరీ – 19 అక్టోబర్ 2024

ఈ తమ్ముడు చెప్పింది నేను పొడుగ్గా రాసినదాని కంటే విలువైనది. మేము పుస్తకం భాషలో కత్తిరింపు అంటాం, వాళ్ల తాత బతుకుదెరువు కోసం చేశాడు.

దానికి తేదీ కలుపుతాను. బతుకమ్మ చంద్రుణ్ణి చూసుకుని వస్తుంది, చెట్టు వానను చూసుకుని పూస్తుంది, ఇద్దరికీ పొత్తు కుదరాలి. పెత్రమాస 2023లో అక్టోబర్ 14న పడింది, ఈ ఏడు అక్టోబర్ 2న. వచ్చే ఏడు ఇంకా ముందుకు జరిగి సెప్టెంబర్ 21. అంటే 2023తో చూస్తే మీకు దాదాపు మూడు వారాలు తగ్గాయి. కాబట్టి ఏప్రిల్ నడుమలోనే మోకాలెత్తుకు కోసేయండి. మే దాటితే పండుగకు అందదు. కోశాక ఒక్కసారి నిండుగా నీళ్లు, ఆ తర్వాత తొలకరి దాకా వదిలేయండి. జులై తర్వాత కత్తెర ముట్టొద్దు, కొసలు పోతే మొగ్గలు పోయినట్టే.


పచ్చచొక్కా – 20 అక్టోబర్ 2024

టెకోమా మాట వెనక్కి తీసుకుంటున్నా. తంగేడు పూల కషాయం షుగర్‌కు మంచిదంటారు కదా, మా నాన్నకు ఇవ్వొచ్చా?


కల్వకుర్తి పంతులమ్మ – 20 అక్టోబర్ 2024

చాలామంది తాగుతారు. గోళీలు మాత్రం డాక్టర్ను అడగకుండా ఆపకండి, రెండూ కలిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది.


చండూరు ఆడబిడ్డ – 4 అక్టోబర్ 2025

ఏడాదైంది. అన్ని అడిగి ఎటుపోయింది అనుకున్నరేమో.

ఏప్రిల్‌ల కొయ్యమన్నరు. కత్తెర పట్టుకొని రెండు సార్లు పెరట్లకు పోయి వాపసొచ్చిన. నాలుగేండ్లకు బత్కిన ఒక్క చెట్టు, పచ్చగున్నదాన్ని ఎట్ల కోస్తరు? నేను రోజు ఖరీదు బట్టలు కోస్తనే ఉంట, అప్పుడు చెయ్యి వణకదు. ఆఖరుకు మే 18న అమ్మనే కుర్సీల కూసొని, "కొయ్యవే, ఎంటికలే కదా" అన్నది. మోకాలెత్తుకు కోసిన. పది రోజులు ఉత్త మోడు. జూన్ల వాన పడ్డంక మొదటికెళ్లి పదకొండు చిగుళ్లు, లెక్కవెట్టిన.

పురుగులు మళ్ల వచ్చినయ్. ఏం కొట్టలే. పక్కింటామె మనుమడు రోజు వచ్చి గోడ మీదికెళ్లి చూసేటోడు, ఒకటి పొట్లం లెక్క అయినప్పటి సంది ఎగిరేదాక బడికి లేటే. వాళ్ల నానమ్మ నాతోని మాట్లాడుతున్నది ఇప్పుడు.

ఎంగిలిపూల నాడు, సెప్టెంబర్ 21న, పొద్దుగాల చూస్తే నాలుగు గుత్తులల్ల మొగ్గలే. విచ్చినయ్ తొమ్మిది పూలు. నర్సరీ సారు చెప్పినట్టు ఏప్రిల్‌ల కోసుంటే అందుతుండె, నా చేతులార నెల ఆలస్యం చేసుకున్న. తొమ్మిది పూలు అరిటాకుల పెట్టి అమ్మకు ఇచ్చిన. సిబ్బి సాలదని చిన్న ఇత్తడి పళ్లెం అడిగింది. తొమ్మిదింటిని చుట్టు పేర్చి, సందులల్ల గునుగు పెట్టి, పైకి బంతి. జానెడు బతుకమ్మ. వాడకట్టు మొత్తంల గంత చిన్నది మాదే.

ఆఖరి రోజు సద్దుల నాటికి ముప్పై దాటినయ్. దసరా పోయింది, ఇప్పుడు చూడాలె దాని సోకు, చెట్టు మొత్తం పసుపు. నల్ల తుమ్మెద వచ్చి హారన్ కొడుతున్నది. మిషను తొక్కుకుంట కిటికీలకెళ్లి ఇంటున్న.

మొరం దిబ్బ మీద గోడ నీడ పడని మూలకు వేడినీళ్ల గింజలు పెట్టిన. ఇరవైకి పదమూడు మొల్సినయ్, మూడు ఉంచిన. ఇప్పుడు జానెడున్నయ్. వచ్చే ఏడు అధిక మాసం ఉన్నదట, పెత్రమాస మళ్ల అక్టోబర్ 10కి పోతున్నది. పెద్ద చెట్టును ఏప్రిల్ ఆఖరుకు కోస్తే సరిపోతదా సారూ? మూడు చిన్నవాటిని ఆ ఏడే కొయ్యాల్నా, ఇంకో ఏడు ఆగాల్నా?

లంద కాడి తమ్మీ, మీ నాయనమ్మ గెలిసిందని చెప్పు.


లంద కాడి మనుమడు – 4 అక్టోబర్ 2025

ఇద్దరు లేరక్కా. మా అమ్మకు చెప్పిన. జనవరిల కాయలెండితే ఒక గుప్పెడు గింజలు దాసి పెట్టు, షెడ్డు పక్కకు రెండు పెడ్త.